రంగం అత్త కోసిన రాతిగాజు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున్నే ఉక్కునగరంలో మా క్వార్టర్ తలుపు ఎవరో తట్టారు. పాలవాడనుకుని గిన్నె పట్టుకుని వెళ్ళాను. గుమ్మంలో మావయ్య నిలబడి ఉన్నాడు. మల్కాపురంలో మేము పదమూడేళ్ళు కాపురమున్న ఇంటి పక్కింటాయన, రంగం అత్త భర్త. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. రెండు బస్సులు మారి వచ్చాడట. లోపలికి రమ్మంటే రాలేదు.

“మీ అత్త లెగడం నేదమ్మా,” అన్నాడు. “ఎంత పిలిసినా పలకడం నేదు. నువ్వొచ్చి ఓపాలి పిలు.”

అప్పటికే ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి చూశారు. వీధి చివర కాంపౌండరు కూడా చెయ్యి పట్టి చూసి, అయిపోయిందని చెప్పాడు. అంతా విని కూడా ఆయన బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. నేను వెళ్ళాను. ఆయన అడిగాడు కాబట్టి చెవి దగ్గరికి వంగి “అత్తా, అత్తా” అని పిలిచాను. మూడుసార్లు పిలిచాను.

అత్త నాకు చుట్టం కాదు. మా కులమూ కాదు, మా మతమూ కాదు. డెబ్భైల మొదట్లో మా ఆయనకి పోర్టులో ఉద్యోగమై, మేము గోదావరి జిల్లా నుంచి మల్కాపురం వచ్చినప్పుడు అత్త, మావయ్య పక్కవాటాలో ఉండేవాళ్ళు. బర్మా నుంచి ఓడలో తిరిగొచ్చిన కుటుంబం. ఇక్కడి పాతకాలం వాళ్ళకి బర్మా అంటే రంగూనే, రంగూన్ అంటే రంగమే. అలా ఆమె వీధందరికీ రంగం అత్త అయింది.

నిజానికి వాళ్ళున్నది రంగూన్‌లో కాదు, ఇంకా చాలా పైన, కొండల మధ్య ఏటి ఒడ్డున. మావయ్య కలప పని చేసేవాడు. వానలు వెనకబట్టి ఏరు తగ్గాక అక్కడి ఆడవాళ్ళతో పాటు అత్త కూడా మోకాలి లోతు నీళ్ళలోకి దిగి అరికాళ్ళతో రాళ్ళు వెతికేదట. ఇంగ్లీషులో జేడ్ అంటారే, ఆ పచ్చరాయి. పైకి మట్టిరంగు బెరడుతో మామూలు రాయిలాగే ఉంటుంది. “కంటికి దొరకదు పిల్లా. కాలికి దొరుకుతాది. మామూలు రాయి కాలికింద జారిపోతాది. ఇది సల్లగా పట్టుకుంతాది,” అనేది.

అరవైల్లో బర్మా సర్కారు మనవాళ్ళని పంపించేసినప్పుడు రేవులో అధికారులు ఆమె చెవుల కమ్మలు, మెడలో పుస్తెలు తీయించేశారు. సంచిలో ఉన్న తొమ్మిది రాళ్ళని చూసి అవేమిటని అడిగారు. పచ్చడి నూరుకునే బండలని చెప్పింది. తీసుకుపొమ్మన్నారు. ఈ సంగతి చెప్పి ఎప్పుడూ నవ్వేది కాదు. విన్నవాళ్ళు నవ్వితే చిరాకు పడేది.

మేము వచ్చిన రెండో ఏడు మా మొదటి పాప పోయింది. నాలుగు నెలల పిల్ల. మూడు రోజుల జ్వరం. మా చర్చి సంఘం వాళ్ళు వచ్చి ప్రార్థన చేశారు, పాటలు పాడారు, భోజనాలు తెచ్చారు. నేను ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. వాళ్ళంతా రావడం తగ్గాక ఒక మధ్యాహ్నం అత్త వచ్చి నా పక్కన చతికిలబడింది. ఓదార్పు మాట ఒక్కటి అనలేదు. చేతిలో ఒక పుల్ల పెట్టింది. పుల్ల చివర లక్కతో అతికించిన పచ్చరాయి, శనగగింజంత. ఇంకో చేతిలో తడిపిన వెదురుబద్ద పెట్టింది.

“దీన్ని దానిమీద రాయి. గుండ్రంగా తిప్పుతా రాయి.”

“నాకు చేతకాదు అత్తా.”

“నాకూ సేతనయ్యేది కాదు. ఏడుపొత్తే ఏడు. సెయ్యి మాత్రం ఆపకు.”

నేను ఏడ్చాను, చెయ్యి ఆపలేదు. ఎన్ని రోజులు అలా కూర్చున్నానో లెక్కలేదు. ఒకరోజు ఆ గింజని కొంగుతో తుడిస్తే లోపల్నుంచి తడి వెలుగు కనిపించింది. “అత్తా, ఇదిగో చూడు!” అని కేకేశాను. పాప పోయాక నేను గట్టిగా అన్న మొదటి మాట అదే. ఆమె దాన్ని తీసుకుని కింది పెదవికి ఆనించుకుంది. నున్నదనం ఎప్పుడూ అలాగే చూసేది. “ఇంకా గరుకుంది,” అని తిరిగి నా చేతిలో పెట్టేసింది.

వాళ్ళ వెనక వరండాయే ఆమె పనిచోటు. వెదురు విల్లుకి సన్నటి ఇనుప తీగ కట్టి, తీగ కింద తడి ఇసుక పోస్తూ ముందుకీ వెనక్కీ లాగుతుంటే రాయి తెగేది. తెగేది అంటున్నాను గానీ, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా లాగితే గోరు మందం దిగేది. కుట్టు మిషను తొక్కుడు చట్రానికి మావయ్య ఒక సానచక్రం బిగించి ఇచ్చాడు. దానిమీద రాళ్ళు గుండ్రంగా అరగదీసేది. ఉంగరాలకి, చెవిపోగులకి చిన్నచిన్న రాళ్ళు తయారయ్యేవి. వన్‌టౌన్‌లో ఒక కంసాలి వాటిని వెండిలో పొదిగేవాడు. ఎవరైనా త్వరగా కావాలని అడిగితే ఆమెకి కోపం. “బేగి కావాలంటే పూసలు కొనుక్కో. దీన్ని దేవుడు కూడా బేగి సెయ్యలేదు,” అనేది. తను మాత్రం ఒక్క రాయీ పెట్టుకోలేదు. చెవులు బోసిగానే ఉండేవి.

కోతకి వాడే ఇసుక భీమిలి నుంచి తెచ్చుకునేవాళ్ళం. అల వెనక్కి పోయాక ఒడ్డున ఎర్రగా, నల్లగా చారలు పడతాయి. ఆ ఎర్ర ఇసుక బరువైనది, గట్టిది. పళ్ళెంలో వేసి కడిగితే తెల్ల ఇసుక కొట్టుకుపోయి అది అడుగున నిలుస్తుంది. అలా కడుగుతూనే ఒకసారి అత్త తన కూతురి సంగతి చెప్పింది. అప్పటిదాకా వాళ్ళకి పిల్లల్లేరనే అనుకున్నాను.

ఒక్కతే కూతురు. పద్దెనిమిదో ఏట అక్కడి బర్మా కుర్రాడిని చేసుకుంది. ఏడాది తిరక్కుండా వీళ్ళు బయల్దేరాల్సి వచ్చింది. రమ్మన్నారు, రానంది. అయినా అమ్మానాన్నల్ని ఓడెక్కించడానికి అంత దూరం నుంచి రంగూన్ రేవుకి వచ్చింది.

“ఓడెక్కినప్పుడు దాంతో మాటాడనేదమ్మా నాను,” అంది అత్త, పళ్ళెంలోకి చూస్తూనే. “అమ్మా అమ్మా అని పిలిసింది. మొకం తిప్పీసుకున్నాను. వత్తాదిలే, నాకు కోపమొచ్చిందని తెలిత్తే ఎనకాలే పరిగెత్తుకొత్తాది అనుకున్నాను. ఓడ కదిలిపోనాది.”

అప్పట్నుంచి ఆమె ఉత్తరాలు నేనే రాసేదాన్ని. అత్తకి చదువు రాదు. మావయ్యకి అక్షరాలు వచ్చుగానీ చెయ్యి వణికేది. కూతురికి చిన్నప్పుడు ఆయనే తెలుగు రాయడం నేర్పాడు. ఏడాదికి ఒకటో రెండో జవాబులు వచ్చేవి, ఎవరో విప్పి చూసి మళ్ళీ అంటించిన కవర్లలో. అన్నీ పొడి పొడి మాటలు. బాగున్నాము, వానలు పడ్డాయి. అమ్మ అన్న మాట ఎక్కడా ఉండేది కాదు. “నాన్నకు” అని మొదలయ్యేవి. నేను చదవడం పూర్తిచేసేదాకా అత్త వంటింటి గడప దగ్గర నిలబడి వినేది.

తొమ్మిది రాళ్ళలో పెద్దదాన్ని మాత్రం ఆమె ముట్టుకోలేదు. కొబ్బరికాయంత రాయి. ఒకరోజు దాన్ని తెచ్చి ముందు పెట్టుకుని, “దీంతో దానికి గాజు సేత్తాను. అతుకు నేని గాజు. కొలత అడిగి రాయి,” అంది. రాశాను. నాలుగు నెలలకి జవాబొచ్చింది. కవర్లో మాటలేమీ లేవు, చేతి కొలతకి ముడివేసిన ఒక దారం. ఆ దారాన్ని అత్త తన చేతికి పెట్టి చూసుకుంది. “లావైంది,” అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ గాజుకి ఏడాదిన్నర పట్టింది. రాయిని పలకలా కోయడానికి ఒక ఎండాకాలం, ఇత్తడి గొట్టం తిప్పితిప్పి మధ్యలో బిళ్ళ ఊడదీయడానికి ఒక వానాకాలం. లోపల లేత అరిటాకు రంగు, ఒక పక్క మాత్రం పాలు ఒలికినట్టు తెలుపు. పగులు లేదు. మావయ్యకి తెలిసిన ఓడ మేస్త్రీ, సరంగు ఒకడు రంగూన్ వెళ్ళే ఓడలో ఎక్కుతున్నాడని, తీసుకెళ్ళి అందజేస్తాడని తెలిసింది. ఓడ వెళ్ళడానికి ఇంకా రెండు రోజులుంది. లోపలి అంచుకి ఆఖరి మెరుగు మిగిలింది. అత్తకి అప్పటికే దగ్గరి చూపు తగ్గింది. “నీ కళ్ళు మంచివి, నువ్వు పెట్టు,” అని నాకిచ్చింది.

నా చేతులు తడిగా ఉన్నాయి. పక్కనున్న రిఫైనరీ సైరన్ మోగింది. రోజూ మోగేదే, రోజూ వినేదే. ఆ రోజు ఎందుకు ఉలిక్కిపడ్డానో నాకిప్పటికీ తెలియదు. గాజు జారి గచ్చు మీద పడింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. మూడు ముక్కలయింది.

అత్త కింద కూర్చుని ముక్కలు ఏరింది. నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను. ఆమె నన్ను తిట్టలేదు, లేవనెత్తలేదు. ముక్కలన్నీ కొంగులో మూటకట్టాక అంది.

“కోపం నేదని సెప్పను పిల్లా. ఉంది. శానా ఉంది. అది ఉన్నన్నాళ్ళు మీ ఇంటికి రాను. నువ్వూ రాకు. పోయాక నానే వత్తాను.”

ఓడ వెళ్ళిపోయింది. ఇరవై రెండు రోజులు ఆమె రాలేదు. గోడకవతల విల్లు చప్పుడు కూడా లేదు. నూతి దగ్గర ఎదురుపడితే పక్కకి తప్పుకునేది. నేను ప్రార్థనలో ఏమి అడగాలో తెలియక ఊరికే కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. మా ఆయన “వెళ్ళి ఇంకోసారి క్షమాపణ అడుగు” అన్నాడు. రావద్దంది కదా అన్నాను. మొహం తిప్పేసుకుని కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, అలాగే నన్ను కూడా వదిలేస్తుందని భయపడ్డాను.

ఇరవై మూడో రోజు పొద్దున్నే వచ్చింది. చేతిలో టీ గ్లాసు. పాలు లేకుండా, ఆమె తాగే పద్ధతిలో కాచిన టీ. “తాగు,” అంది. తాగాను. “పోయిందా అత్తా?” అన్నాను. “కొంచెం ఉంది. ఇంక ఆగనేకపోనాను,” అంది. ఆ రోజు నేనెంత ఏడ్చానో, నా కన్నపిల్ల పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆ ముక్కల్లోంచి రెండు చెవిరాళ్ళు కోసింది. పాలరంగు రెండింట్లోనూ సమానంగా పడేలా చూసి చూసి కోసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మెరుగు మళ్ళీ నా చేతే పెట్టించింది. నేను వద్దని వెనక్కి జరిగితే, “ఇప్పుడు పెట్టకపోతే జన్మలో రాయి పట్టవు,” అని చెయ్యి లాగి కూర్చోబెట్టింది. మరో ఏడాదికి ఇంకో ఓడ దొరికింది. రాళ్ళు వెళ్ళాయి. ఎనిమిది నెలలు ఏ కబురూ లేదు.

తర్వాత ఉత్తరం వచ్చింది. విప్పి చూసి నేను ఆగిపోయాను. “అమ్మకు” అని ఉంది. చదివాను. “రాళ్ళు అందాయి. పెట్టుకున్నాను. ఎడమ చెవిది కుడిదానికన్నా కొంచెం పెద్దగా ఉంది. నీకు కళ్ళు సరిగ్గా కనబడ్డం లేదా అమ్మా?”

గడప దగ్గర నిలబడ్డ అత్త అక్కడే కూలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. “సూసినావా, వంక పెట్టింది! సిన్నప్పుడూ అంతే. ఏది సేసి పెట్టినా వంకే!” అని మావయ్యతో అంది. ఆ ఉత్తరం నాచేత ఆ వారంలో ఎన్నిసార్లు చదివించుకుందో. వంక పెట్టిన వాక్యం దగ్గరికి రాగానే, “మల్లా సదువు” అనేది.

తల్లీకూతుళ్ళు మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. అత్త అవతలికి వెళ్ళలేకపోయింది, ఆమె ఇవతలికి రాలేకపోయింది. మా ఆయన స్టీల్ ప్లాంటులో చేరి మేము ఉక్కునగరం మారిపోయాక కూడా ఉత్తరాల కోసం నెలకోసారి మా బాబుని వెంటబెట్టుకుని మల్కాపురం వెళ్తూనే ఉన్నాను. కిందటిసారి వెళ్ళినప్పుడు అత్త నా మొహం కనబడక చేత్తో తడిమి, “సిక్కిపోనావు,” అంది. అదే ఆఖరు.

దినకార్యాలయ్యాక మావయ్య నన్ను ఉండమన్నాడు. అమ్మాయికి కబురు రాయాలి. మంచం పక్కన పీట వేసుకుని విదేశాలకి రాసే నీలిరంగు ఉత్తరం కాగితం విప్పాను. ఏమని మొదలుపెట్టమంటారని అడిగాను.

“ముందు నాను బాగున్నానని రాయమ్మా.”

రాశాను.

“వానలు బాగా పడ్డాయని రాయి. పెంకులు మార్పించినామని రాయి. మీ పిల్లడు ఇస్కూల్లో ఫస్టొచ్చినాడని రాయి. అది సదివితే సంబరపడతాది.”

అన్నీ రాశాను. ఎదురింటివాళ్ళ కొత్త రేడియో సంగతి రాయించాడు. ధరల సంగతి రాయించాడు. ఆయన అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఒక పేజీ నిండింది. రెండో పేజీ నిండింది. మడతపెట్టి అంటించే అంచు మీద నాలుగు వేళ్ళ జాగా మిగిలింది.

“ఇంక ఏం రాయను మావయ్యా?”

ఆయన కాగితం నా చేతిలోంచి తీసుకుని, ఆ ఖాళీ జాగాని బొటనవేలితో ఒకసారి తుడిచి, మళ్ళీ నాకు ఇచ్చాడు. కలం పట్టుకుని నేను కూర్చున్నాను. ఆయన గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.