రజిత చదివిన అంకె

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది నన్ను లోలోపల తినేసిందని రాస్తే మీరు జాలిపడతారు. వద్దు. ఈ ఏడేళ్లూ నేను బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను. అయినా ఆ బరువు దిగలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్తున్నాను.

వరంగల్‌లో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెప్తాను. రజిత నా స్టూడెంట్. కేసముద్రం నుంచి రోజూ రైల్లో వచ్చేది. వాళ్ల నాన్న అక్కడి మార్కెట్ యార్డులో హమాలీ. రైలు ఆలస్యమైతే క్లాసు సగంలో వచ్చేది, నేను ఆబ్సెంట్ వేసేదాన్ని. మొదట్లో అది నియమం. తర్వాత కసి.

కసి ఎప్పుడు మొదలైందో నాకు బాగా తెలుసు. ఆ రోజు రూటర్ల పాఠం. ఒక చోటికి పోవడానికి రెండు దారులుంటే రూటర్ మామూలుగా మంచి దారినే వాడుతుంది, రెండోది ఖాళీగా పడి ఉంటుంది. వేరియన్స్ అనే అంకె పెంచితే రెండో దారిని కూడా వాడుకుంటుంది. అప్పుడు ట్రాఫిక్ సగం సగం పోతుందని చెప్పాను. రజిత లేచి నిలబడి, సగం సగం కాదని, మంచి దారికి ఎక్కువ, రెండోదానికి తక్కువ పంచుతుందని చెప్పింది. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. అయినా ఆ నవ్వుకు శిక్ష ఆమెకే వేయాలనుకున్నాను.

ఎందుకంత మంట? ఇరవై ఏళ్ల పిల్ల సరైన మాట ఒకటి చెప్తే నాదేం పోయింది? పోయిందనే అనిపించింది. పుస్తకం పూర్తిగా చదవకుండా పాఠం చెప్తున్నానని నాకు మాత్రమే తెలిసిన సంగతి ఆమెకు కూడా తెలిసిపోయిందనిపించింది. దానికి ఆమెను అసహ్యించుకున్నాను.

ఆ సెమిస్టర్ చివర ల్యాబ్ పరీక్షలో ఒక్కొక్కరు ఒక్కో చీటీ తీస్తారు. రజితకు వచ్చింది నేను రాసిన ప్రశ్నే: కింద ఇచ్చిన దూరాలతో రెండు దారులూ వాడేటట్టు రూటర్‌ను సెట్ చెయ్యి. అరగంట తర్వాత నేను వెళ్లి చూస్తే స్క్రీన్ మీద ఒక్క దారే ఉంది.

“మేడం, వేరియన్స్ పది పెట్టినా రెండో దారి తీస్కోదు,” అంది. “మంచి దారిల మన దూరం ఇరవై. ఆ దారిలున్న పక్క రూటర్ తన దూరమే ఇరవై ఐదు అని చెప్తాంది. మనకంటే దూరమున్నదాని చేతికిస్తే మళ్ల తిప్పి మనకే పంపుతదేమో అని రూటర్ దాన్ని నమ్మదు.”

“నీకు రాకపోతే రాదని చెప్పు. ప్రశ్నకు వంకలు పెట్టకు.”

“వచ్చు మేడం. ప్రశ్నలనే తప్పున్నది.”

పక్క టేబుల్ దగ్గర వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ తలెత్తి చూశాడు. ఈ అమ్మాయికి చేతకాలేదని ఆయనకు చెప్పాను. ఫెయిల్ మార్కులు వేశాను. ఆయన నా మీద నమ్మకంతో సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం అందరూ వెళ్లాక నేనే కూర్చుని చేసి చూశాను. రెండు పెట్టాను, ఐదు పెట్టాను, పది పెట్టాను. రెండో దారి రాలేదు. పుస్తకం తీశాను. రజిత చెప్పిందే అందులో ఉంది, ఇంకాస్త కష్టమైన మాటల్లో. మార్కుల కవరు ఇంకా సీల్ చేయలేదు. ఎగ్జామినర్‌కు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. తెలియక చేసిన పొరపాటుగా అది అక్కడితో ఆగిపోయేది. నేను ఆ ప్రశ్న చీటీలో ఇరవై ఐదును, రూటర్ నమ్మే అంకె పదిహేనుగా మార్చి మళ్లీ ప్రింట్ తీశాను. కంప్యూటర్‌లో ఉన్న ఫైల్లో కూడా మార్చాను. పాత కాగితం చించేశాను.

ఫలితాలు వచ్చిన రోజు ఆమె స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది. ఆమె జవాబు కాగితం, నా ప్రశ్న పక్కపక్కన పెట్టాను. ఆమె రాసుకున్నది ఇరవై ఐదు. నా దాంట్లో పదిహేను. చాలాసేపు చూసింది.

“నేనే తప్పు చూసినట్టున్న మేడం. సారీ,” అంది.

ఆ సారీని నేను తీసుకున్నాను. ఇకనుంచైనా శ్రద్ధగా చదువుకొమ్మని కూడా చెప్పాను. మీకు నా మీద అసహ్యం వేస్తే ఇక్కడే వేయాలి.

బ్యాక్‌లాగ్ ఉందని ఆమెను క్యాంపస్ సెలక్షన్స్‌లో కూర్చోనివ్వలేదు. మళ్లీ పరీక్ష రాసి పాసైంది. ఆ తర్వాత ఏ క్లాసులో కూడా లేచి నిలబడలేదు. నేనేమో ప్రతి ఏడాది ఆ పాఠం ఆమె మాటలతోనే చెప్తున్నాను. ఎంత బాగా అర్థమయ్యేటట్టు చెప్తారు మేడం అని పిల్లలు అంటారు. నవ్వుతాను.

పోయిన నెల హన్మకొండ బస్టాండులో కనిపించింది. తనే పలకరించింది. ఒక ప్రైవేటు దవాఖానలో రిసెప్షన్‌లో చేస్తోందట. నెట్‌వర్క్స్ వైపు ఎందుకు పోలేదని అడిగాను, అడిగే మొహం ఉన్నట్టు. ఉన్న అంకెను ఉన్నట్టు చూడలేనని అప్పుడే అర్థమైందని, ఆ పనంటే భయమేసిందని చెప్పింది. నా మీద కోపమేమీ లేదు ఆమెకు. ఉంటే ఎంత బాగుండు. చెప్పడానికి నాకు పది నిమిషాల టైముంది. నా బస్సు వచ్చింది, ఎక్కాను.

ఇది ఆమెకు పంపుతానా? తెలియదు. పంపుతానని మాటిస్తే మీ దృష్టిలో మంచిదాన్ని అయిపోతాను. నాకు ఆ అవకాశం ఇవ్వకండి. రజిత అంకెను సరిగ్గానే చదివింది. మార్చింది నేను. ఈ రెండు మాటలు నా చేత్తో రాయడానికి ఏడేళ్లు పట్టింది. ఇప్పుడు కొంచెం ఊపిరాడుతోంది. అది కూడా నాకే, ఆమెకు కాదు.