మూడు మైళ్ళ ఖాళీ బస్సు

మా బస్సు పుట్టుకతో బస్సు కాదు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన లారీ. మా నాన్న దాన్ని పాడుకుని, విజయనగరం వడ్రంగుల చేత కర్ర బాడీ కట్టించి, మీద రేకు తొడిగించి, ముప్పై సీట్లు వేయించాడు. పైన ఎన్ని రంగులు పూసినా కింద మాత్రం అది లారీయే. బస్తాలు మోయడానికి పుట్టింది, మనుషులంటే దానికి లెక్క లేదు. నాన్న పోయాక స్టీరింగు నా చేతికొచ్చింది. అరవైల చివరి ఏళ్ళవి. పొద్దున్న కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్ళడం, సాయంత్రం తిరిగి రావడం, అదే నా బతుకు.

ఆ స్టీరింగు తలుచుకుంటే నాకిప్పటికీ భుజాలు లాగుతాయి. జానెడు తిప్పితే గానీ ముందు చక్రాలకు కబురందేది కాదు. అందిందంటే ఒక్కసారే తిరిగేవి. గోతిలో పడితే స్టీరింగు ఎదురు తిరిగి మణికట్టు మీద కొట్టేది. బండి కింద కమాను కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు, తుప్పు పట్టి ఒకటే ముద్దయిపోయాయి. కుదుపు ఆపాల్సినవే కుదిపేవి. ఈ తుప్పుకి కారణం చేపల గంపలని నా గట్టి నమ్మకం. చేపలమ్మే ఆడవాళ్ళు తడి గంపలు తెచ్చి వెనక సీటు కింద తోసేవారు. ఉప్పునీళ్ళు చెక్కల సందుల్లోంచి కారి సరిగ్గా వెనక కమానుల మీదే పడేవి. దాని గురించి నేను వాళ్ళతో పోట్లాడని రోజు లేదు. వాళ్ళలో ఒక ముసలామె ఉండేది. నేనెంత అరిచినా గంప అంగుళం జరిపేది కాదు. పైగా నా అరుపులు అయ్యేదాకా చుట్ట కాలుస్తూ కూర్చునేది. నాకు కోపం ముక్కు మీదుండేది, ఆమెకది వినోదంగా ఉండేది.

నా భార్య మా మేనత్త కూతురే. మొదటి కాన్పు ఐదో నెలలోనే పోయింది. రెండోసారి ఏడో నెల వచ్చింది కదా అని మేం ఊపిరి పీల్చుకుంటుంటే, కొద్దికొద్దిగా రక్తం కనబడటం మొదలైంది. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసి, మంత్రసాని చేత ఇంట్లో పురుడు పోయించవద్దని, ఈలోగా కదలకుండా పడుకోవాలని, నెల ముందే తెచ్చి ఆసుపత్రిలో చేర్చమని చెప్పింది. దారిలో కుదుపు మాత్రం తగలకూడదంది. ఇంకెవరికైనా అయితే అది సలహా. మా ఊరి నుంచి ఆసుపత్రికి రావడానికి ఎడ్లబండి లేకపోతే నా బస్సు. ఆ బస్సు సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు! ఆ సాయంత్రం ఆమెను ఇంటికి తెచ్చేటప్పుడు ప్రతి గోతికీ వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాను.

మర్నాడే బస్సు ఆపేసి విజయనగరం తీసుకుపోయాను. అక్కడ ఒక ముసలి మేస్త్రీ, ఒకప్పుడు మిలిటరీ బళ్ళు బాగుచేసినవాడు. ఎనిమిది రోజులు ఆయన పక్కనే ఉండి నేనూ చేతులు నల్లగా చేసుకున్నాను. ముందు చక్రాలు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్నులు అరిగి పుల్లల్లా ఉన్నాయి. లేతు మిషను మీద కొత్తవి తీయించాం, బుష్షులు మార్చాం. కమాను కట్టలు విప్పి, సుత్తితో కొట్టి పట్టీలు విడదీసి, తుప్పు గీకి, పగిలిన పట్టీ మార్చి, మధ్యమధ్య గ్రీజు పూసి మళ్ళీ బిగించాం. బండి ఇంకా మెత్తబడాలని, ఒక్కో కట్టలో రెండేసి పట్టీలు తీసేయమని నేను పట్టుబట్టాను.

మేస్త్రీ ఒప్పుకోలేదు. "తీసేస్తే సంత రోజున బండి ఇరుసు మీద కూకుంటాది. ఇది లారీ కమాను బాబూ. బరువుంటేనే మాట ఇంటాది. ఖాళీగా ఉంటే ఎవుడి మాటా ఇనదు. అది గుర్తెట్టుకో," అన్నాడు.

విన్నాను. కానీ నాకు అందులో వినబడింది సంత సంగతే.

తిరిగొచ్చాక మొదటి సంత రోజున ఒక పరీక్ష పెట్టాను. ఇంజను మూత మీద చెంబు నిండా నీళ్ళు పెట్టుకుని, లోపలా పైనా కలిపి డెబ్భై మందితో బయలుదేరాను. స్టీరింగు వేళ్ళతో తిరిగింది. బస్సు పడవలా ఊగుతూ పోయింది. శ్రీకాకుళం చేరేసరికి చెంబులో నీళ్ళు తొణకలేదు. ఆ చెంబు ఇంటికి తెచ్చి నా భార్యకి చూపించాను. ఆమె నవ్వి, ఆ నీళ్ళు తాగేసింది. అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు.

ఆసుపత్రిలో చేర్చడానికి ఇంకా పది రోజులుందనగా, ఒక పొద్దున్న నొప్పులొచ్చాయి. రక్తం ఆగలేదు. అప్పటికే బస్సు నిండి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. నేను పరుగెత్తుకొచ్చి అందర్నీ దిగిపొమ్మన్నాను. నా భార్య ఒక్కర్తే వెళ్ళాలి, ఆమెకి గాలాడాలి, ఇరుకు ఉండకూడదు, చేపల వాసన తగలకూడదు. నా ప్రేమకి అంతవరకే తెలివుంది. అందరూ దిగారు. ముసలామె మాత్రం దిగలేదు.

"నాను మూల కూకుంటాను గదా. నీకేటి అడ్డం?" అంది.

నేను ఆమె గంప తీసి రోడ్డు మీద పెట్టేశాను. పెట్టడం కాదు, పడేశాను. రెండు చేపలు మట్టిలో పడ్డాయి. ఆమె వాటిని ఏరుకుని, గంప నెత్తికెత్తుకుంది. చేపలవాళ్ళంతా శ్రీకాకుళం వైపు వరసగా నడక సాగించారు.

నా భార్యని మంచం మీద మోసుకొచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అన్నిటికంటే పొడుగైన సీటు వెనకదే గదాని, అక్కడే పరుపు వేసి పడుకోబెట్టాం. మా అత్త ఆమె తల పట్టుకుని కూర్చుంది. ఊరు దాటేవరకు బాగానే ఉంది. కంకర రోడ్డు ఎక్కగానే బస్సు వెనకభాగం ఎగరడం మొదలుపెట్టింది. నడక కంటే కొంచెం ఎక్కువ వేగంతోనే పోతున్నాను. స్టీరింగు చెప్పినట్టు వింటోంది, ఒక్క గోతిలో కూడా దించలేదు. అయినా చిన్న రాయి తగిలితే చాలు, వెనకభాగం లేచి పడుతోంది. పడినప్పుడల్లా ఆమె కేక. నాకు పిచ్చెక్కిపోయింది. ఎనిమిది రోజులు నేనే నా చేతులతో బిగించిన కమానులు! ఎక్కడ తప్పు చేశాను? ఏ నట్టు మరిచిపోయాను?

"బావా, నన్ను దించీ. నడిసొస్తాను," అంది నా భార్య.

లేచి కూర్చోలేని మనిషి అన్న మాట అది. ఆ మాట విన్నాక నాకు మేస్త్రీ గుర్తొచ్చాడు. చెంబు గుర్తొచ్చింది. చెంబు తొణకని రోజున బస్సులో డెబ్భై మంది ఉన్నారు. ఆమెకోసమని బస్సులో బరువంతా దింపేసింది నేనే.

తలెత్తి చూస్తే ఎదురుగా రోడ్డు వార చేపలవాళ్ళ వరస. అప్పటికి ఊరు దాటి మూడు మైళ్ళు. బస్సు చప్పుడు విని వాళ్ళు వెనక్కి చూడకుండానే పక్కకి తప్పుకున్నారు. నేను బస్సాపి, దూకి, ముసలామె ముందుకెళ్ళి నిలబడ్డాను. చేతులు జోడించాను.

"ఎక్కండి అత్తా. అందరూ ఎక్కండి. మీ బరువు కావాలి నాకు," అన్నాను.

నాకు మతిపోయిందని వాళ్ళనుకున్నారు. ఒకామె నవ్వింది కూడా. ముసలామె నవ్వలేదు. బస్సెక్కి లోపలికి చూసింది. పరుపు చూసింది. బయటికి తలపెట్టి, "ఎక్కండే. గంపలు కూడా ఎక్కించండి. తడి గంపలు బరువు," అంది.

పన్నెండు మంది ఎక్కారు. గంపలన్నీ వెనక్కి తోసి, నా భార్యని బస్సు మధ్యకి తెచ్చి, నలుగురు కింద కూర్చుని ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. ఆమె తల ముసలామె ఒళ్ళో ఉంది. పక్క ఊరి దగ్గర నిలబడ్డవాళ్ళని కూడా నేనే బతిమాలి ఎక్కించుకున్నాను. బస్సు కిందికి కుంగడం నా సీటుకి తెలిసింది. గేరు వేశాను. ఎగరడం ఆగింది. కేకలు ఆగాయి. ఎందుకాగాయోనన్న భయంతో వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు. దారి పొడుగునా ముసలామె నేనడగకుండానే చెబుతూ వచ్చింది: "ఉన్నాది బాబూ. ఊపిరాడతన్నాది. నువ్వు రోడ్డు సూడు."

నా భార్య బతికింది. బిడ్డ ఆడపిల్ల. ఏడవలేదు. కుదుపు వల్లేనా అని డాక్టరమ్మని అడిగాను. బస్సెక్కకముందే పరిస్థితి చెయ్యి దాటిపోయి ఉండవచ్చునంది. ఉండవచ్చునన్న ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఇన్నేళ్ళు బతికాను. అది నిజమో, నా మొహం చూసి అన్నదో ఇప్పటికీ తెలియదు. మూడు మైళ్ళు మాత్రం నిజం.

పద్దెనిమిది రోజుల తర్వాత ఆమెని ఇంటికి తీసుకెళ్ళాను. మాకు వేరే బండెక్కడిది, ఆ బస్సే. ఆ సాయంత్రం టైము దాటిపోయినా కదలలేదు. ఎక్కేవాళ్ళని ఎక్కనిచ్చి, కూర్చున్నవాళ్ళ చేత తిట్లు తిని, ఊరికే నిలబడ్డాను. చివరికి మా అత్త భుజం పట్టుకుని నా భార్య మెట్టు దగ్గరికొచ్చింది. కాలు పైకి పెట్టబోయి ఆగింది.

"నిండిందా, బావా?" అని అడిగింది.

ఆమె నన్ను తప్పుపట్టలేదు. భయపడి అడిగింది. లోపల్నుంచి ముసలామె, తన ఖాళీ గంప పక్కకి జరిపి, "నిండిందమ్మా, రా," అంది. అప్పుడు ఎక్కింది.