బొట్టు చూసి ఆపేసిన పెన్షన్

2024 జనవరి. సైన్యంలో క్లర్కుగా చేసి రిటైరయ్యాక, నరసాపురంలో మాజీ సైనికుల సంఘం గదిలో కూర్చుని పెన్షన్ పనులు చూసిపెడుతున్నాను. చనిపోయిన జవాను భార్యకు వచ్చేదాన్ని ఫ్యామిలీ పెన్షన్ అంటారు. అది ఆగకుండా రావాలంటే ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అంటే బతికే ఉన్నానని వేలిముద్ర వేసి చెప్పాలి. అందులోనే మరో ప్రశ్న ఉంటుంది, మళ్లీ పెళ్లి చేసుకున్నారా అని. అవునంటే మామూలుగా ఆ పెన్షన్ ఆగిపోతుంది.

ఆ జనవరిలో సత్యవతి వచ్చింది. భర్త జవాను, సర్వీసులో ఉండగానే జబ్బు చేసి పోయాడు. ఆరో తరగతి చదివే కూతురు, బజార్లో చేపలమ్మే అత్తగారు మంగమ్మ, ఇదీ ఆమె ఇల్లు. తను లేసు అల్లుతుంది. ఆ అల్లకం మీద ఇల్లు గడవదు.

"పెన్షన్ పడలేదండి. నేను మళ్లీ పెళ్లి చేసుకున్నానని ఉందంట. నేనెప్పుడు చెప్పానండి ఆ మాట?"

నవంబరులో ఆమె వేలిముద్ర వేసిన ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లాను. అది నడిపే ఆయన నెమ్మదైన మనిషి, కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాడు. ఆ ప్రశ్నకు 'అవును' అని నొక్కింది ఆయనే.

"ఆవిణ్ణి అడిగారా?"

"ఎలా అడుగుతామండీ? నిండుగా బొట్టు, తలలో పూలు. ఎదురుగా అలా కనబడుతుంటే మీకు మొగుడున్నాడా అంటే బాగోదు కదండీ. మళ్లీ పెళ్లయ్యిందనే అనుకున్నాను."

మర్యాదకు పోయాడట! నా ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట అడగడానికి మొహమాటపడ్డవాడు, ఆమె నోటి దగ్గర కూడు తీసేయడానికి మాత్రం మొహమాటపడలేదు.

పొరపాటు దిద్దమని పెన్షన్ ఆఫీసుకి రాశాం. పెళ్లి చేసుకోలేదని తహసీల్దారు ధ్రువపత్రం తెమ్మన్నారు. మెషీన్ ముందు ఎవడో నొక్కిన తప్పుకి రుజువు ఈమె చూపించాలి! విచారణకు వచ్చిన రెవెన్యూ ఉద్యోగి ఇంట్లోకి వెళ్లి మంగమ్మని అడగలేదు. వీధి కుళాయి దగ్గర నిలబడి, "ఈ సత్యవతికి రెండో పెళ్లయ్యిందా?" అని నీళ్లు పట్టుకునేవాళ్లని అడిగాడు. సాయంత్రానికి ఆ ప్రశ్న కాస్తా వార్తయింది. పెన్షన్ ఆగిందంటే ఏదో ఉండే ఉంటుందన్నారు. మర్నాడు బళ్లో పిల్లలు పాపను, "మీ కొత్త నాన్న ఎవరే?" అని అడిగారు.

తర్వాత తహసీల్దారు ఆఫీసుకి పిలిస్తే అత్తాకోడళ్లతో నేనూ వెళ్లాను. ఆ ఉద్యోగి సత్యవతి వైపు చూడకుండా నాతో అన్నాడు.

"ఫైల్లో ఫొటో పెట్టాలండి. ఆ బొట్టూ పూలూ తీసేయమనండి. పైవాళ్లకి అనుమానం రాకుండా ఉంటుంది. మంచికే చెబుతున్నాను."

సత్యవతి చెయ్యి నుదుటి మీదకి వెళ్లింది. పాపం, తుడిచేసుకునేదే. మంగమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"తియ్యకే." తర్వాత అతని వైపు తిరిగింది. "బాబూ, నా మొగుడు సముద్రం మీద చేపలేటకెళ్లి తిరిగి రానప్పుడు నా బొట్టు ఊరోళ్లు తుడిసేరు. నన్నడగలేదు. నా కొడుకు పోయినప్పుడు దీని బొట్టు తుడవడానికొచ్చినోళ్లని నేనే గుమ్మంలోంచి పంపేశాను. కొడుకుని కన్నదాన్ని, నాకు లేని అనుమానం మీకెందుకండీ? ఫొటో ఇలాగే తియ్యండి."

ఆఫీసులో పని ఆగిపోయింది. ఫొటో అలాగే తీశారు. కొన్నాళ్లకు ధ్రువపత్రం వచ్చింది, ఆ తర్వాత బకాయితో సహా పెన్షన్ కూడా పడింది.

ఇన్నేళ్ల పనిలో నేనెరిగిన మగ పెన్షనర్లలో ఒక్కణ్ణి కూడా నుదురు చూసి అనుమానించిన వాళ్లు లేరు. ఇప్పుడు నా దగ్గరకొచ్చే ప్రతి ఆడమనిషికీ ఒకటే చెబుతాను. వేలిముద్ర వేసే ముందు ఆ ప్రశ్న పైకి చదివించుకోండి, జవాబు మీ నోటితో మీరే చెప్పండి, అవతలివాడు మొహమాటపడితే పడనివ్వండి. ఈ కేసు నాకు నేర్పింది ఆ జాగ్రత్త. కోపం మాత్రం తగ్గలేదు. విచారణకని వీధి కుళాయి దగ్గరకు వచ్చిన మనిషి, నిజం తేలిందని చెప్పడానికి మళ్లీ అక్కడికి రాలేదు. వెళ్లి చెప్పమని నేనే అడిగితే, అది తన డ్యూటీ కాదన్నాడు. ఆ జూన్‌లో సత్యవతి కూతుర్ని వేరే బళ్లో చేర్పించింది.