మైకు చేతిలో ఉన్నప్పుడు

ఎనభైల్లో ఒక కరువేడు. మోటారు నీళ్లు ఎత్తుకోవాలంటే పైపులో ముందు బిందెడు నీళ్లు పోయాలి. మా ఊళ్లో ఆ బిందెడు నీళ్లకూ గతిలేదు. తిరుపతి ఇంజనీరింగు కాలేజీలో లేతు యంత్రం మీద పనిచేసే నేను, పైపులో నీళ్లు జారిపోకుండా ఒక వాల్వు చేశాను. పాత విద్యార్థులు వచ్చే పరిశోధన సదస్సులో దాన్ని చూపించడానికి పది నిమిషాలు అడిగాను. 'ఏ సంవత్సరం బ్యాచి' అన్నచోట ఖాళీగా ఉందని గుమాస్తా దరఖాస్తు తిప్పి పంపాడు. ఆ బ్యాచీలన్నింటికీ ఆకురాయి పట్టడం నేర్పింది నేనే.

అయినా వాల్వును సంచిలో వేసుకుని పోయాను. ఇప్పుడు పెద్ద ఇంజనీరైన ఒకప్పటి శిష్యుడు గుమ్మంలోనే నా చేయి పట్టుకున్నాడు.

"దేవుని మాదిరి వచ్చినావన్నా. మైకు పలకల్యా, రవంత సూడు."

"నాకూ పది నిమిషాలు ఇప్పించప్పా. వాల్వు తెచ్చినాను."

"టీ తాగేటప్పుడు సూస్తాంలే. ముందు మైకు కానీ."

బాగుచేసి, "హలో, ఒకటి, రెండు, మూడు" అన్నాను. హాలంతా నావైపు తిరిగి నిశ్శబ్దమైంది. వాల్వు సంగతి అక్కడే చెప్పేయాలనుకున్నాను, మళ్లీ "ఒకటి, రెండు, మూడు" అన్నాను. శిష్యుడు మైకు అందుకున్నాడు.

టీ అయిపోయినా వాల్వు సంచిలోనే ఉంది. వాళ్లు బ్యాచీలవారీగా ఫోటోకు నిలబడ్డారు. వాళ్ల మీద కోపం ఎప్పుడో చల్లారింది. మైకు పట్టుకుని అంకెలు లెక్కపెట్టిన నామీదే ఇంకా చల్లారలేదు.