వాకిలి ముందు తీసిన జాకీలు

పుంగనూరులో మేము కట్టిన ఆ ఇంటి మాట వస్తే చాలు, అందరూ ఒకటే కథ చెబుతారు. "మిద్దె పోస్తాంటే మేడమ్ ఒక్క చూపు చూసి కనిపెట్టేసింది, పన్నెండు మందిని కాపాడింది" అని. మొన్న మదనపల్లెలో సిమెంటు అంగడాయన ఆ కథ నాకే చెప్పాడు, ఆ రోజు నేను అక్కడ లేనట్టు. పొగడ్త ఎవరికి చేదు? నాకూ కాదు. కానీ అది అబద్ధం. నేనేమీ కనిపెట్టలేదు. స్లాబు కింద నిలబెట్టిన జాకీలు తీయడానికి ఒప్పుకున్న నోరు నాదే.

సివిల్ ఇంజనీరింగ్ చదివి, మదనపల్లెలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లూ అంగళ్లూ కట్టించే పని నాది. ఇరవై ఏళ్లు దాటింది. మొదట్లో "ఆడమనిషి, ఏం చూస్తుంది" అన్నవాళ్లే ఇప్పుడు "ఆమె నోటికి జడిసి సరిగ్గా కడతారు" అంటున్నారు. ఇదీ తప్పే. నోటికి జడిసి ఎవరూ గోడ నిటారుగా కట్టరు. వంకరగా కట్టి, పైన పూత పూసి దాచిపెడతారు. ఈ సంగతి తలకెక్కడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అందుకే పద్ధతులు మార్చాను. స్లాబు కింద సరుగుడు కట్టెలు మాన్పించి ఇనుప జాకీలు తెప్పించాను. మర తిప్పితే ఎత్తు పెరుగుతాయి, తగ్గుతాయి, చెదలు పట్టవు. తల మీద హెల్మెట్ లేకుండా ఎవరినీ పైకి ఎక్కనివ్వను. పొద్దున పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు అందరినీ నిలబెట్టి, ఈ రోజు ప్రమాదం ఎక్కడుందో చెబుతాను. చివరి మాట ఎప్పుడూ ఒకటే: "ఏదన్నా తేడాగా కనిపిస్తే మేస్త్రీ అయినా, తట్ట మోసే మనిషయినా పని ఆపొచ్చు. ఆపినందుకు ఎవరి పనీ పోదు."

మేస్త్రీ పక్కకు తిరిగి నవ్వేవాడు. "మేడమ్ హరికథ అయిపోయిందప్పా, ఇంక పారలు పట్టండి."

ఆ నవ్వు నాకు వినిపించేది. వాదించేదాన్ని కూడా. కానీ నిజం చెప్పాలంటే, ఆ మాటను పట్టుకుని ఎవరైనా నిజంగా పని ఆపుతారని నేనూ అనుకోలేదు. చెప్పేశాం కదా అన్న తృప్తి ఒకటుంటుంది, దానితో చాలా రోజులు గడిచిపోతాయి.

పుంగనూరు ఇల్లు ఒక టమోటా మండీ యజమానిది. స్లాబు పోసే రోజు మా వైపు ఇంటివాళ్లు వాకిట్లో పూజ చేసి, గుమ్మడికాయ కొట్టి, మొదటి తట్ట కాంక్రీటులో నవధాన్యాలు వేసి పోయిస్తారు. సరిగ్గా సింహద్వారం ఎదుట, వరండా దూలం కింద, రెండు జాకీలు నిలబెట్టి ఉన్నాయి. యజమాని తల్లి హారతి పళ్లెంతో వచ్చి, వాటిని చూసి ఆగిపోయింది.

"ఏమ్మా, వాకిలికి ఎదురుగా ఇట్లా కట్టెలు నిలబెడతారా? పాడె కట్టేదానికి తెచ్చి పెట్టిన మాదిరుండాది."

"కట్టెలు కాదమ్మా, ఇనుము. ఇంకాసేపట్లో పైన బరువంతా వాటి మీదే ఉంటుంది."

"ఇనుమైతే మరీ సెడ్డ. దేవుడు లోపలికి యాడ నించి రావల్ల? దాన్ని ఎగిరి దూకి వస్తాడా?"

"పక్కన ఇంత సందుంది గదమ్మా. మనం రావడంలా?"

"నువ్వు సదువుకున్నావు, నోరుండాది, మాట్లాడతావు. నాకు వాకిలి కావల్ల."

చుట్టాలంతా నవ్వారు. ముహూర్తం దాటిపోతోంది. పైన ఇంకా తట్టెడు కాంక్రీటు కూడా పడలేదు, పది నిమిషాలు తీస్తే కొంప మునగదులే అని మనసులో లెక్క వేసుకున్నాను. "సరే, పూజ అయ్యేదాకా తీయండి. కాగానే పెట్టేయండి" అన్నాను.

పూజ అయింది. గుమ్మడికాయ పగిలింది. మిక్సరు తిరగడం మొదలయింది. నేను పైకెక్కి, ఇనుప కమ్మీల కింద ఎడం కోసం పెట్టే సిమెంటు బిళ్లలు సరిగ్గా పెట్టలేదని కమ్మీ కట్టేవాళ్లతో జగడం వేసుకున్నాను. జాకీలు తన మనుషులు పెట్టేసి ఉంటారని మేస్త్రీ అనుకున్నాడు. మేస్త్రీ చెబితే పెడదామని వాళ్లు అనుకున్నారు. తీసిన రెండు జాకీలూ గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ములు వాటికీ ఇంత పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టారు.

స్లాబును వెనక వైపు నుంచి పోసుకుంటూ వస్తున్నాం. రెండు గంటల తర్వాత వాకిలి మీదికి వచ్చాం. వరండా మీద నాలుగైదు తట్టలు పడ్డాయో లేదో, కింది నుంచి తట్టలు రావడం ఆగిపోయింది. పైకి వేసిన చెక్కల దారి మధ్యలో ఒకామె తట్ట దించి కూర్చుంది. కుప్పం దగ్గర పల్లె ఆమెది, నా వయసే ఉంటుంది. ఆమె వెనక వరసంతా నిలిచిపోయింది. మేస్త్రీ కింద నుంచి అరుస్తున్నాడు.

"యాల కూసున్నావు? కుర్చీ తెప్పించేదా నీకు? మాలు గట్టిపడతాండాది, లెయ్!"

"నేను పొయ్యను."

"పొయ్యకపోతే రేపట్నించి నా గుంపులోకి రావద్దు."

"రావద్దంటే రాను. ఇది మాత్రం పొయ్యను."

తర్వాత జరిగింది ఊళ్లో తిరిగే కథలో ఉండదు. నేను పైనుంచి వంగి, తిట్టింది ఆమెనే. "అలగడానికి నీకు స్లాబు రోజే దొరికిందామ్మా? మీ పంచాయితీ సాయంత్రం పెట్టుకోండి, లే ముందు!" పొద్దున ఆరు గంటలకు, పని ఆపొచ్చని చెప్పిన నోరే అది.

ఆమె కూర్చున్న చోటు నుంచే వాకిలి వైపు చెయ్యి చాపింది. "దిగి సూడమ్మా. పైనుంటే కనపడదు."

కోపంతోనే దిగాను. వరండా స్లాబు కింద, కాంక్రీటును మోసే సెంట్రింగ్ రేకు నీళ్లు నిండిన తోలు తిత్తిలా కిందికి జారి ఉంది. రేకుల సందుల్లోంచి సిమెంటు నీళ్లు గడప మీది ముగ్గులోకి బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఇసుకకనీ నీళ్లకనీ తట్టలు మోసే ఆడవాళ్లంతా పొద్దుటి నుంచీ ఆ రేకు కింది నుంచే పోయి వస్తున్నారు. పైన పన్నెండు మంది ఉన్నారు.

అరవలేదు. అరిస్తే అందరూ ఒక్కసారి పరుగెత్తుతారు. కింద ఉన్నవాళ్లను రోడ్డు మీదికి పంపించి, పైవాళ్లను ఒక్కొక్కరినే వెనక వైపు నిచ్చెన మీదుగా దింపాను. ఆఖరి మనిషి కాలు నేల తాకేదాకా లెక్కపెడుతూనే ఉన్నాను. తర్వాత మేస్త్రీ గట్టిగా ఉన్న వైపు నుంచి ఒక్కో జాకీ నిలబెట్టుకుంటూ లోపలికి వచ్చాడు. వరండా మీద పడిన కాంక్రీటు తీసేయించి, రేకు సరిచేసి, మళ్లీ పోశాం.

"జాకీలు మళ్లా యాల పెట్టలేదప్పా?" అని నేను అడగక ముందే మేస్త్రీ అన్నాడు, "మీరే గదా మేడమ్ తియ్యమన్నారు."

"పెట్టమని కూడా అన్నాను."

"అన్నారు. ఎవర్ని పెట్టమన్నారు?"



యజమాని తల్లి నా దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. "దేవుడే కాపాడినాడు తల్లీ." నేను ఊరుకోలేకపోయాను. "దేవుడే అయితే, ఇందాక చెక్కల దారి మీద తట్ట దించుకొని కూర్చున్నది ఆయనే గదమ్మా" అన్నాను.

సాయంత్రం మేస్త్రీ గొణుగుడు మొదలుపెట్టాడు. "తప్పు కనిపెట్టింది, కాదనలే. అయినా అందరి ముందర నా మాట తోసేసింది మేడమ్. ఇంక రేపు నా మాట ఎవరింటారు?"

"ఆమె రేపు రాకపోతే నువ్వూ రావద్దు" అన్నాను.

ఆమె వచ్చింది. పొద్దుటి ఐదు నిమిషాల్లో తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను. మేస్త్రీ ఆ రోజు హరికథ అనలేదు. అప్పటి నుంచి మా పనుల్లో పూజ ముందు రోజే అయిపోవాలి. జాకీ తీసిన మనిషి అది మళ్లీ నిలబెట్టేదాకా ఆ చోటు వదిలి కదలకూడదు. పోయడానికి ముందు కిందికి పోయి చూసేది నేను కాదు, తట్టలు మోసే ఆడవాళ్లలో ఒకరు. ఆమె సరే అంటేనే మిక్సరు తిరుగుతుంది. పెద్దవాళ్లు గొణుగుతారు, గొణగనీ.

కానీ ఆ ఇంటి తర్వాత అదే గుంపు మదనపల్లెలో నా ఇంకో పనికి వచ్చినప్పుడు ఆమె లేదు. "ఊరికి పోయింది మేడమ్" అన్నాడు మేస్త్రీ. పనుల హడావుడిలో నేను ఇంకో ప్రశ్న అడగలేదు. వాదించాల్సిన చోట వాదించకపోవడం నా జీవితంలో తక్కువ సార్లు జరిగింది. అందులో ఇదొకటి.

పోయిన ఏడాది ఒక అంగళ్ల కట్టడం చూడడానికి కుప్పం పోతే, అక్కడ వేరే గుంపులో ఇసుక ఎత్తుతూ కనిపించింది.

"బాగుండావా?"

"ఉండాను గదమ్మా, కనపడతానే ఉండాను." నవ్వింది. "నువ్వేంది, ఇంత లావైనావు?"

"మేస్త్రీ నిన్ను రావద్దన్నాడా?"

"రావద్దనేది యాల? పిలవకుంటే సాలదా?"

నాకు సిగ్గేసింది. నా పనికి రమ్మన్నాను. ఈడ ఇంటికి దగ్గరమ్మా అంది. అప్పుడు అడిగాను, జాకీలు లేవని ఎప్పుడు చూశావని.

"గుమ్మడికాయ కొట్టినప్పుడే. ఆనించినారే, మళ్లా పెట్టలేదే అని సూస్తానే ఉండినా."

"మరి అప్పుడే యాల చెప్పలేదు?"

ఆమె తట్టలోకి ఇంకో పార ఇసుక వేసింది. "తట్ట కొంచెం ఎత్తమ్మా" అంది. ఎత్తాను. తల మీద పెట్టుకుని వెళ్లిపోయింది.

నేనే కాపాడానంటారే తప్ప, ఊళ్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఆ రెండు గంటలూ ఆ రేకు కింది నుంచి పోతూ వస్తూ, అన్నీ చూస్తూ కూడా ఆమె నోరు మెదపలేదంటే, ఎవరికి జడిసింది: రేపు పిలవని మేస్త్రీకా, పైన నిలబడి జగడమాడుతున్న నాకా?