క్యారియర్

సిరోంచలో ఉంటూ అడవి ఊరి బడిలో పాఠాలు చెప్పే భీమ్‌రావుకు, రోజూ గుంతల బాటలో సైకిల్ తొక్కి తొక్కి నడుము పోయింది. రెండు నెలలు వెతికి, తన జీతానికి అందే ధరలో, ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిల్ కొన్నాడు. సీటు మార్చాడు, లావు టైర్లు వేయించాడు. నొప్పి తగ్గింది.

"క్యారియర్ లేంది అదేం సైకిల్? నేనేడ కూసోవాలె?" అంది భార్య జ్యోతి. రోజూ పొద్దున ఆమెను బస్టాండులో దింపేది అతనే. వెల్డింగ్ షాపుకు పోయి గట్టి ఇనుప క్యారియర్ అతికించుకొచ్చాడు.

ఆ వారమే నడుము మళ్లీ పట్టేసింది. వెనక స్ప్రింగు మార్చినా లాభం లేకపోయింది. చివరికి సైకిల్ షాపు ఆశన్న సీటును అదిమి చూసి నవ్వాడు.

"స్ప్రింగు మంచిగనే ఉంది సార్. మీ క్యారియర్ కడ్డీలు సీటునూ వెనక చక్రాన్నీ కలిపి పట్టుకున్నయి. ఇగ స్ప్రింగు ఎట్ల కదులుతది? కోసేద్దామా?"

భీమ్‌రావు క్యారియర్ మీద చెయ్యి వేశాడు.

"ఉండనియ్యన్నా. దానిమీద జర మెత్తటి దిండు కట్టు."

మర్నాడు జ్యోతిని దింపి అడవి బాట పట్టాడు. గుంత వచ్చిన చోటల్లా సీటు మీంచి లేచి నిలబడి తొక్కాడు, పాత సైకిల్ మీద ఇరవై ఏళ్లు తొక్కినట్టే.