ఫోటో కింద రాసిన తప్పు

మా బాపుకు తప్పు కనిపిస్తే అన్నం సహించదు. పెళ్ళి కార్డులో తిథి తప్పు పడితే పిలవడానికి వచ్చినవాళ్ళనే కూర్చోబెట్టి చెబుతాడు. బోధన్ బస్టాండులో బస్సుకు బోర్డు మార్చకపోతే డ్రైవరు టీ తాగే చోటికి వెతుక్కుంటూ వెళ్తాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన వాయుసేనలో ఫిట్టరు. దిగిన విమానం ఒళ్ళంతా తడిమి, ఎక్కడ పగులిచ్చింది, ఎక్కడ రివిట్ వదులైంది అని చూడటమే ఉద్యోగం. తిరిగొచ్చి కాలువ కింద చెరకు వేశాడు, చెరకు పోయాక వరి వేశాడు. తప్పు వెతికే చూపు మాత్రం పోలేదు. ఆ చూపే మా ఇంటి మీదికి ముప్పు తెచ్చింది.

ఆయన దగ్గర ఒక రేకు పెట్టె నిండా ఫోటోలున్నాయి. అప్పట్లో ఏడాదికోసారి జనాన్ని లోపలికి రానిచ్చి విమానాల విన్యాసాలు చూపించేవారట. కెమెరా ఉన్న తోటి ఉద్యోగి ఒకాయన తీసి ఇచ్చినవి అవి. తాడు వెనక గొడుగులు పట్టుకున్న ఆడవాళ్ళు, తండ్రుల భుజాల మీద పిల్లలు, పైన వజ్రం ఆకారంలో తొమ్మిది విమానాలు. నాట్ అనే చిన్న జెట్టు పక్కన బక్కగా, కోరమీసంతో బాపు. నా కొడుకు ఆ పెట్టె ముందే పెరిగాడు. అక్షరాలకంటే ముందు విమానాల పేర్లు నేర్చుకుని, చివరికి తాత దారిలోనే వాయుసేనలో చేరాడు. వాడు చేరిన రోజున ఆ నాట్ ఫోటోకు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. అంత మురిసిపోయాను మరి.

మోకాలి ఆపరేషన్ అయ్యాక బాపు మంచం మీదే ఉండాల్సొచ్చింది. ఊరికే ఉన్న ఫిట్టరంత ప్రమాదం ఇంట్లో ఇంకొకటి ఉండదు. గ్యాస్ పొయ్యి దగ్గర్నుంచి గడియారం దాకా అన్నీ విప్పించి మళ్ళీ బిగించాడు. ఆ పోరు పడలేక పెట్టెలోని ఫోటోలన్నీ ఫోన్లో తీసి, పాత యుద్ధవిమానాల ఫోటోలు పంచుకునే ఒక గ్రూపులో ఆయన్ని చేర్చాను. దేశం నలుమూలల వాళ్ళూ ఉన్నారందులో. పొద్దున్నే అందరూ పూల బొమ్మలు పంపుకునే వేళకు మా బాపు ఒక విమానం పంపేవాడు. కాలువ కింద మా పక్క చేను ఆంధ్రా రైతు దారిలో కనిపిస్తే "ఏమ్మా, మీ నాన్నగారు ఇవాళ ఏం ఎగరేశారండీ?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఇల్లు ప్రశాంతంగా ఉండేది.

ఆ గ్రూపులో ఒకడుండేవాడు. పేరు చోట పేరు లేదు, ముఖం చోట ముక్కుకు పంకా ఉన్న పాత విమానం బొమ్మ. హిందీలో రాసేవాడు, బాపును దాదాజీ అనేవాడు. రోజూ ఎక్కడిదో ఒక పాత ఫోటో పెట్టి కింద నాలుగు ముక్కలు రాసేవాడు. అందులో ఒక తప్పు ఉండేది. మొదటిసారి, నాట్ చక్రాలు రెక్కల్లోకి ముడుచుకుంటాయని రాశాడు.

"రెక్కలల్లకు ఎట్ల పోతయిరా? గవి పొట్టలకు పోతయి" అని బాపు లేచి కూర్చున్నాడు. "సగం దింపితే గవే బ్రేకుల లెక్క పన్జేస్తయి. గీ పోరనికి ఎవరో ఒకరు చెప్పాలె గద బిడ్డా."

గొంతు రికార్డు చేసి పంపాడు. అవతలి నుంచి దండాల బొమ్మలు వచ్చాయి. దాదాజీ, మీరు లేకపోతే ఇవన్నీ ఎవరు చెబుతారు అని రాశాడు. బాపు ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

అలా సాగింది. నేను తీరికున్నప్పుడు చూసేదాన్ని. తప్పులు మెల్లగా చోటు మారుతున్నాయని నాకు వెంటనే తట్టలేదు. ముందు చక్రాల మీద ఉండేవి. తర్వాత విమానం వెనక కనిపించే షెడ్డు మీదికి వచ్చాయి. ఆ షెడ్డు పక్కనుంచి పోయే దారి మీదికి వచ్చాయి. ఒకరోజు బడి నుంచి బస్సులో వస్తూ ఫోన్ తెరిచాను. ఆ షెడ్డును ఎప్పుడో కూల్చేశారని వాడు రాశాడు. కింద మా బాపు గొంతు: ఎవరు కూల్చారు, ఇప్పటికీ ఉంది, నా మనవడు అక్కడే పని చేస్తున్నాడు.

బస్సు నిండా జనం. పక్క సీట్లో ఇద్దరు మరాఠీలో ఉల్లి ధర గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. నాకు మాత్రం చెవుల్లో ఏమీ పడలేదు.

నేను లెక్కలు చెబుతాను. తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లలుంటారు, ఏం చేసినా నోరు విప్పరు. వాళ్ళ కోసం నేనొక పని చేస్తాను. లెక్క అంతా సరిగ్గా చేసి, ఒక్కచోట కావాలని తప్పు వేస్తాను. ఆర్నెల్లుగా పలకని పిల్ల కూడా లేచి "టీచర్, గక్కడ తప్పు" అంటుంది. ఇది ఎప్పుడూ పారుతుంది. తెలిసినవాడు తప్పును చూస్తూ ఊరుకోలేడు.

బస్సులోనే వాడి రాతలన్నీ మొదటి నుంచి చదివాను. తెలియనివాడి తప్పులు అడ్డదిడ్డంగా ఉంటాయి. వీడివి అలా లేవు. సంవత్సరాలు సరిగ్గా ఉన్నాయి, నోరు తిరగని ఇంజిన్ పేర్లు సరిగ్గా ఉన్నాయి. మా బాపుకు మాత్రమే తెలిసే చోట, ఒక్కచోటే తప్పు. నా బోర్డు మీది లెక్క ఎవడో పరాయివాడి చేతిలో చూసినట్టయింది.

ఇంటికి రాగానే బాపుకు చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది.

"నీకు అందరు దొంగలే. ఒక్కడు శ్రద్ధగ అడుగుతుంటె నీకు కడుపుమంట!"

"శ్రద్ధ కాదు బాపు. వాడు నిన్ను తవ్వుతున్నడు."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. నేను ఫోన్ లాక్కున్నాను. పెద్దమనిషి చేతిలోంచి అలా లాక్కోకూడదు, కానీ నా ఒళ్ళు నా వశంలో లేదు. ఇంతలో నా కొడుకు ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టాను. వాడి గొంతు హుషారుగా ఉంది.

"అమ్మా, తాత దోస్తట, ఒకాయన నాకు మెసేజ్ పెట్టిండు. మస్తు మంచోడు."

"నీ నంబర్ ఎట్ల దొరికింది?"

"తాతే ఇచ్చిండట. మన హాల్ల ఉన్న ఫోటో పంపిండమ్మా, తాత నాట్ పక్కన నిలబడ్డది. గది సూసినంక అనుమానం ఎట్లొస్తది?"

నేను గోడ వైపు చూశాను. మా ఇంటి ఫోటో మాకంటే ముందు నా కొడుకు దగ్గరికి వెళ్ళి, ఆ గ్రూపువాణ్ణి మావాడని చెప్పి తలుపు తెరిపించింది.

"నువ్వేం జెప్పినవ్ రా?"

"ఏం లేదమ్మా. ఆయన ఒకటి తప్పుగ అన్నడు. గది తప్పని జెప్పిన. గంతే."

"ఏంటిది? ఏం జెప్పినవ్?"

"గది నీకు జెప్పద్దమ్మా" అన్నాడు. అని, తన మాట తనకే వినిపించినట్టు ఆగిపోయాడు. కన్నతల్లికి చెప్పకూడనిది ముఖం లేనివాడికి చెప్పానని వాడికి అప్పుడు అర్థమైంది.

స్పీకర్‌లో బాపు అంతా విన్నాడు. మంచం పట్టె పట్టుకుని మెల్లగా లేచాడు. కోపం ఎటు పోయిందో, ముఖం సున్నం కొట్టినట్టుంది.

"అరేయ్" అన్నాడు మనవడితో, "విమానం పని ఐనంక పెట్టెల పానలు లెక్కవెడితె ఒకటి తక్వొచ్చింది. ఏం జేస్తరు?"

"విమానం ఆపుతరు తాతా."

"ఎవరు జెప్తరు?"

"పోగొట్టినోడే చెప్పాలె."

"మరి నువ్వే పొయ్యి చెప్పు. పొద్దుగాల్నే పో. నంబర్ నేనిచ్చిన్నని చెప్పు, ఫోటోలు నావే అని చెప్పు. నా నౌకరి ఎన్నడో అయిపొయింది, నన్నేం జేస్తరు. నీది ఇప్పుడే మొదలైంది బిడ్డా."

వాడు వెళ్ళి చెప్పాడు. ఆ తర్వాత ఎవరిదో ఫోన్ నుంచి ఒక్కసారి మాట్లాడాడు. తన ఫోన్ పై అధికారులు తీసుకున్నారని, ప్రశ్నలు అడుగుతున్నారని, మన దగ్గరికీ వస్తారని చెప్పాడు. దేన్నీ తీసేయకండి, గ్రూపు వదలకండి, ఆ గ్రూపువాడు ఏం రాసినా జవాబివ్వకండి అన్నాడు. ఆ మాటలు వాడివి కావు, పక్కనుంచి ఎవరో చెబుతుంటే అప్పజెబుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. తిన్నావా అని అడిగేలోపు పెట్టేశాడు.

ఇద్దరు అధికారులు మామూలు బట్టల్లో వచ్చారు. మర్యాదగా మాట్లాడారు, టీ తాగారు. రేకు పెట్టెలోని ఫోటోలన్నీ మంచం మీద పరిచి ఒక్కొక్కటీ ఫోన్లో తీసుకున్నారు. గోడ మీది ఫ్రేము దించి, వెనక అట్ట కూడా విప్పి చూశారు. బాపును అడిగిందే అడిగారు. ఆయన చెప్పిందే చెప్పాడు. వాళ్ళు కసిరి ఉంటే నాకు కొంత ధైర్యంగా ఉండేది. ఆ మర్యాదకే నాకు భయం వేసింది.

"మా అబ్బాయి ఉద్యోగం ఏమవుతుంది సార్?" అని గుమ్మం దగ్గర అడిగాను.

ఒకాయన రెండో ఆయన వైపు చూశాడు. "ఇప్పుడేం చెప్పలేమమ్మా. ఉద్యోగం సంగతి తర్వాత" అన్నాడు. ఉద్యోగం కంటే ముందు ఇంకేం ఉంటుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పటి నుంచి నా కొడుకు గొంతు వినలేదు. నేను బడికి వెళ్తున్నాను, వస్తున్నాను. పిల్లలకు లెక్క తప్పుగా వేయడం మానేశాను, చెయ్యి రావడం లేదు. బాపు పొలం వైపు వెళ్ళడం లేదు. కోత మిషను వాళ్ళు వచ్చి పిలిచినా ఎటో చూస్తూ తలూపుతాడు. గ్రూపులో ఆ ముఖం లేనివాడు కూడా కొన్నాళ్ళు ఏమీ పెట్టలేదు. పీడ పోయిందేమో అనుకున్నాం.

మొన్న ఆదివారం పొద్దున నేను బియ్యం ఏరుతుంటే బాపు ఫోన్ మోగింది. తెరిచి చూసి నన్ను పిలవకుండా అలాగే కూర్చుండిపోయాడు. నేనే వెళ్ళి చూశాను.

విమానం కాదు. నా కొడుకు. శిక్షణ అయిపోయిన రోజు యూనిఫాంలో దిగిన ఫోటో, వాడే ఎప్పుడో తన పేజీలో పెట్టుకున్నది. వాడి భుజం మీద నా చెయ్యి, నా గాజులు కూడా ఉన్నాయి. కింద వాడి పేరు సరిగ్గా రాసి ఉంది. ఊరు సరిగ్గా ఉంది. తాత ఫిట్టరని కూడా ఉంది. వాడు పని చేసే చోటు మాత్రం, బాపు ఎప్పుడో చెప్పేసినదే అయినా, తప్పు. దాని కింద హిందీలో ఒక్క వాక్యం: దాదాజీ, సరిగ్గానే రాశానా?

బాపు బొటనవేలు ఫోన్ అద్దం దాకా వెళ్ళి ఆగింది.

"తప్పు రాసిండు బిడ్డా" అన్నాడు.

"తెలుసు బాపు" అన్నాను.

ఆ వేలిని నా గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. మెసేజ్ తెరిచాం కదా, మేం చూశామని ఆ ముఖం లేనివాడికి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.